పోయినవాటి వెంట పడే తిమ్మప్ప సార్

ముందు ఒక సంగతి సరిచేసుకుందాం. మాదాపూర్‌లో ఆ రోడ్డు పొడుగునా ఛాయ్ తాగేవాళ్ళు తిమ్మప్ప సార్ గురించి రెండు మాటలు చెప్పుకుంటున్నారు. ఫుట్‌పాత్ మీదున్న రుక్కమ్మ ఛాయ్ డబ్బాను ఎత్తేయించింది ఆయనేనట. అది చాలదన్నట్టు, ఆమె కొత్త చోటు వెతుక్కున్నాక ఆఫీసు గేటు దగ్గర నిలబడి, ఛాయ్‌కి పోయేవాళ్ళను ఆపేశాడట. మొదటిది పచ్చి అబద్ధం. రెండోది మాత్రం నిజం. అబద్ధాన్ని కొట్టిపారేయొచ్చు, నిజంతోనే చిక్కు. అందుకే అది మొదటినుంచీ చెప్పాలి.

తిమ్మప్ప సార్‌కు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. కళ్ళ ముందు నుంచి ఏది వెళ్ళిపోయినా, అది ఎక్కడికి చేరిందో తెలిసేదాకా ఆయనకు ముద్ద దిగదు. పొగైనా అంతే, నీళ్ళైనా అంతే, మనిషైనా అంతే. లోకమంతా “పోయింది” అని చేతులు దులుపుకునే చోట ఆయన పని మొదలవుతుంది. అనంతపురం వైపు మనిషి, ఆ యాసలోనే అడుగుతాడు.

“పోయి యాడుంటాది?”

రుక్కమ్మకు ఈ ప్రశ్న మొదటిసారి తగిలింది కప్పులు కడుగుతున్నప్పుడు. రుక్కమ్మ మాదాపూర్ మనిషే. ఈ అద్దాల బిల్డింగులు లేవకముందు నుంచీ అక్కడే ఉంది. ఆమె ఛాయ్‌లో అల్లంతో పాటు వాము పడుతుంది. ఆఫీసు పిల్లలు మిర్చి బజ్జీలు తిని కడుపు పట్టుకుంటున్నారని ఒకనాడు వేసింది, అదే అలవాటైంది. హైదరాబాద్‌లో ఛాయ్‌లో వాము వేసేది ఆమె తప్ప మరొకరు లేరు. ఆ వాసన చొక్కాకు పట్టిందంటే సాయంత్రం దాకా వదలదు.

“రుక్కమ్మా, ఈ కప్పులు కడిగిన నీళ్ళు యాడికి పోతాయి?”

“మోరీలకు పోతయ్ సార్.”

“మోరీలోనుంచి?”

“పెద్ద మోరీలకు.”

“ఆ పెద్దదాంట్లోనుంచి?”

“నాకేమెరుక సార్? నేనేమన్న దాని వెంబడి పోయిన్నా?”

“ఎవరో ఒకరు పోవల్ల గదా!”

కప్పు పక్కన పెట్టి ఆయనే పోయాడు. మోరీ పక్కనే నడుచుకుంటూ, మూతలున్న చోట వంగి చెవి పెట్టి వింటూ, సందులు తిరిగి మాయమైపోయాడు. మధ్యాహ్నానికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి ఉంది, మెడలో ఆఫీసు కార్డు మాత్రం తళతళలాడుతోంది. “చెరువులోకి పోతాంది” అని చెప్పి, చల్లారిన ఛాయ్ గటగటా తాగి లిఫ్ట్ ఎక్కాడు. ఆ లిఫ్ట్‌లో ఆయన పక్కన నిలబడ్డవాళ్ళంతా వాళ్ళ ఫ్లోర్ రాకముందే దిగిపోయారని తర్వాత తెలిసింది.

చెత్త బండినీ వదల్లేదు. ఒక పొద్దున డ్రైవర్ పక్కన కూర్చుని డంపింగ్ యార్డు దాకా పోయొచ్చాడు. ఆఫీసులో ఎవరైనా ఉద్యోగం మానేస్తే మిగతావాళ్ళు కేకు కోసి, ఫొటో దిగి, మర్నాటికి మర్చిపోతారు. ఈయన నెల తర్వాత ఫోన్ చేస్తాడు. “పోయి యాడున్నావప్పా? తిండి ఎట్లుంది? ఆడ మనుషులు మంచోళ్ళేనా?” కొందరైతే, కొత్త కంపెనీ రహస్యాలు లాగడానికి ఫోన్ చేశాడనుకుని కట్ చేశారు. ఆయన మళ్ళీ చేశాడు.

“ఇంతకీ నువ్వేం పని చేస్తవ్ సార్ గా అద్దాల మేడల?” అని రుక్కమ్మ ఒకరోజు అడిగింది.

“పాతిపెట్టినదానికి కాపలా కాస్తా.”

రుక్కమ్మ చేతిలో గిన్నె ఆగింది. “ఏంది సార్, పొద్దుగాల పొద్దుగాల గా మాటలు?”

పక్కనే ఛాయ్ తాగుతున్న హరిత నవ్వింది. ఆయన టీమ్‌లోనే పనిచేసే అమ్మాయి. “శవాలు కాదు ఆంటీ, గ్యాసు” అంది.

అప్పుడు సార్ చెప్పాడు. బొగ్గు కాల్చి కరెంటు చేసే ప్లాంట్లుంటాయి కదా, వాటి గొట్టంలోంచి వచ్చే పొగను మందునీళ్ళతో కడుగుతారు. ఆ నీళ్ళు కార్బన్ డయాక్సైడ్‌ను మాత్రం పట్టుకుంటాయి. వాటిని వేడిచేస్తే పట్టుకున్నదాన్ని వదిలేస్తాయి. అలా విడిగా వచ్చిన గ్యాసును నీళ్ళలా చిక్కబడేదాకా నొక్కి, బావి తవ్వి, భూమిలో బాగా లోతున ఉండే ఇసుకరాయిలోకి ఎక్కిస్తారు. ఆ రాయి నిండా సన్నటి సందులుంటాయి, గ్యాసు వాటిలో దూరి కూర్చుంటుంది. దాని మీద సందుల్లేని గట్టి రాయి మూతలా ఉంటుంది. సార్ కంపెనీకి పని ఇచ్చిన ప్లాంటు సముద్రం అవతల ఎక్కడో ఉంది. అక్కడ ఎక్కించిన గ్యాసు కదులుతోందా, పైకి వస్తోందా అని మాదాపూర్‌లో కూర్చుని కంప్యూటర్లో చూడడమే ఈయన పని.

“పాతినంక ఇగ చూసేదేముంటది సార్?”

“అదే అందరూ చేసే తప్పు. లోపలికి తోసేది సగం పని. తోసినాక అది ఆడే ఉండాదా లేదా అని ఏండ్ల తరబడి చూస్తా ఉండేది మిగతా సగం. దానికో గుర్తు కూడా కలిపి పంపుతాం. కొంచెమే, కానీ ఇంకెక్కడా ఉండనిది. రేపు యాడన్నా గ్యాసు తేలితే, ఆ గుర్తు ఉంటే మాది. లేకుంటే కాదు.”

“ఎక్కిచ్చుడు ఎట్ల సార్? ఒక్కటే దెబ్బకా?”

“అయ్యో, కాదు తల్లీ! మెల్లగా ఎక్కించల్ల. ఆబగా తోస్తే ప్రెషర్ పెరిగి మీది మూత నెర్రెలిస్తాది. అప్పుడు చేసిందంతా పోతాది.”

“పోయి యాడుంటది?” అని రుక్కమ్మ వెక్కిరించింది. హరితకు ఛాయ్ పొలమారింది. సార్ మాత్రం చాలా మంచి ప్రశ్న అన్నట్టు తల ఊపాడు.

ఈ పిచ్చి ఆయనకు వయసులోనే పట్టింది. చదువైన కొత్తలో ఒక బొగ్గు ప్లాంటులో చేరి, గొట్టం కింద నిలబడి పెద్ద ఇంజనీర్‌ను అడిగాడట, ఈ పొగ ఎక్కడికి పోతుంది సార్ అని. పైకి అన్నాడాయన. పైకి పోయి? అన్నాడు ఈయన. ఆ మర్నాడే బొగ్గు యార్డుకు మార్చేశారు.

ఇదంతా నడుస్తుండగా తిమ్మప్ప సార్ ఏదో పెళ్ళికని అనంతపురం పోయాడు. సరిగ్గా ఆ వారంలోనే రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు లారీ తెచ్చారు. ఆ వరసలో ఉన్న డబ్బాలన్నీ లేపేశారు. రుక్కమ్మది, పక్కన చెప్పులు కుట్టే మల్లయ్యది, జ్యూస్ బండి, పూల బుట్ట, అన్నీ. పొద్దున ఛాయ్ మరిగిన చోట సాయంత్రానికి కంకర కుప్ప.

అందరికీ జరిగింది ఒకటే అయినా, ఎవరో ఒకరి మీద నెట్టకపోతే జనానికి తోచదు కదా. జ్యూస్ బండి ఆమె మొదలుపెట్టింది. “గా సారే రుక్కమ్మక్కా! మోరీ ఏడికి పోతదని అడిగిండా లేదా? చెత్త బండోనితోని ముచ్చట పెట్టిండా లేదా? లారీ అచ్చేటాల్లకు ఊళ్ళె లేకుండ పోయిండా లేదా?”

మూడూ నిజాలే. రుక్కమ్మ నమ్మేసింది.

ఆమెకు దొరికిన కొత్త చోటు హాస్టళ్ళ సందులో, శారదమ్మ కాంపౌండ్ గోడ మూల. శారదమ్మ అక్కడ ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. మనిషి చెడ్డది కాదు, కానీ బాల్కనీలో కుర్చీ వేసుకుని సందంతా కాపలా కాస్తుంది.

“చూడు రుక్కమ్మా, జాగ ఇస్తున్న. కానీ గుంపు జమ కావద్దు. నా పిల్లలు పోయే తొవ్వ బంద్ అయిందంటే, అదే దినం నువ్వు జాగ ఖాళీ చెయ్యాలె. మళ్ళ బతిమాలద్దు.”

“గుంపా? ఈ సందుల కుక్క కూడ వస్తలేదమ్మా” అంది రుక్కమ్మ.

అదే నిజం. మెయిన్ రోడ్డు మీద నిలబడ్డవాళ్ళకు ఆ సందు ఉన్నట్టే తెలియదు. సాయిచంద్ అనే కుర్రాడు, అతనిలాంటి బైక్ టాక్సీ పిల్లలు నలుగురైదుగురు తప్ప ఎవరూ రాలేదు. పాలు మిగిలిపోతున్నాయి. ఇక్కడా నడవకపోతే ఏదో ఒక ఆఫీసులో ఊడ్చే పనికి పోవాలి. ఇన్నేళ్ళు తన పొయ్యికి తనే రాణిగా బతికిన మనిషికి సూపర్‌వైజర్ కింద చీపురు పట్టుకోవడమంటే సుతరామూ ఇష్టం లేదు.

సార్ ఊరి నుంచి వచ్చాడు. కంకర కుప్ప ముందు నిలబడ్డాడు. ఇక ఆఫీసులో ఎవరికీ నిద్ర లేదు. లిఫ్ట్‌లో, క్యాంటీన్‌లో, అమెరికా వాళ్ళతో మాట్లాడే మీటింగ్ మధ్యలో కూడా ఒకటే మాట. “రుక్కమ్మ పోయి యాడుంది?”

“డబ్బాలు తీసేశారు సార్” అంది హరిత.

“తీసేసినారు, సరే. తీసేసినాక?”

రోజూ తాగినవాళ్ళే, ఎవరూ వెతకలేదు. క్యాంటీన్ మిషన్ దగ్గర బటన్ నొక్కుకుంటున్నారు.

ఒక పొద్దున ఆయన గచ్చిబౌలి పోవడానికి బైక్ టాక్సీ ఎక్కాడు, నడిపేది సాయిచంద్. బండి కదిలింది. గాలి ముందు నుంచి వీస్తోంది. ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చేసరికి సార్ ఒక్కసారిగా కేక పెట్టాడు.

“ఆపప్పా! బండి ఆపు!”

సాయిచంద్ బెదిరిపోయి పక్కకు తీశాడు. “ఏమైంది సార్? ఏమన్న పడిపోయిందా?”

సార్ బండి దిగి, ముందుకు వంగి సాయిచంద్ చొక్కా కాలర్ దగ్గర గట్టిగా గాలి పీల్చాడు. పక్కన పోయే కార్లలోంచి జనం తలలు బయటికి పెట్టి చూస్తున్నారు.

“వాము” అన్నాడు సార్.

“సార్, జర దూరం నిలబడుండ్రి సార్. అందరు చూస్తున్నరు.”

“పొద్దున ఛాయ్ యాడ తాగినావు? ఛాయ్ ఒలకబోసుకున్నావు గదా చొక్కా మీద? ఆడికి పద.”

“మీ లొకేషన్ గచ్చిబౌలి ఉంది సార్!”

“గచ్చిబౌలి యాడికీ పోదు. పద!”

సందులోకి బండి రావడం రుక్కమ్మ చూసింది. వెనక ఎవరున్నారో చూసి మొహం తిప్పుకుంది.

“ఇది గూడ లేపనీకె వచ్చినవా సార్?”

తిమ్మప్ప సార్‌కు ఆ మాట చెవికెక్కలేదు. దొరికిన సంతోషంలో ఉన్నాడు. “ఒక ఛాయ్ ఇయ్యి, రుక్కమ్మా” అన్నాడు. తాగాడు. చుట్టూ చూశాడు. “ఈడ నీ మీద ఎవరున్నారు?” అని అడిగాడు.

రుక్కమ్మ గరిటెతో బాల్కనీ వైపు చూపించింది. అక్కడ శారదమ్మ, చేతులు కట్టుకుని. సార్ ఆమెను కిందినుంచి పైదాకా, బావిలోంచి తీసిన రాయి ముక్కను చూసినట్టు చూశాడు.

“గట్టిదే” అని మెచ్చుకుని వెళ్ళిపోయాడు. శారదమ్మ ఆ రోజంతా అద్దంలో చూసుకుంది.

ఇక్కడ హరిత ఒక తప్పు చేసింది. ఆఫీసు వాళ్ళు మాత్రమే చేయగల తప్పు. సార్ నోటి నుంచి సంగతి వినగానే ఫ్లోర్ మొత్తానికి మెసేజ్ పెట్టేసింది, నాలుగింటికి అందరం రుక్కమ్మ ఆంటీకి సపోర్ట్ అని. నాలుగింటికి సందు నిండిపోయింది. స్కూటర్లు హాస్టల్ గేటుకు అడ్డం, గోడకు ఆనుకుని సెల్ఫీలు, కప్పులు చాలక చేతులు చాపే జనం. రుక్కమ్మ కళ్ళలో వెలుగు వచ్చేలోపే బాల్కనీలోంచి గొంతు దిగింది.

“రుక్కమ్మా! ఏమని చెప్పిన నేను? ఏందీ జాతర? నా పిల్లలు గోడలు దుంకి రావాల్నా? పో, ఇయ్యాలనే ఖాళీ చెయ్!”

“అమ్మా, జర ఆగు అమ్మా. నేను పిలువలే, వాళ్ళే వచ్చిన్రు.”

బతిమాలితే, హాస్టల్ పిల్లలు కూడా అడిగితే, చివరికి శారదమ్మ ఇంకొక్క అవకాశం ఇచ్చింది. మళ్ళీ గుంపు కనబడిందో, పొయ్యి సందు బయట ఉంటుందని చెప్పింది.

మర్నాటి నుంచి మళ్ళీ సందు పలచబడింది. ఇద్దరు వస్తారు, పోతారు. కాసేపటికి ముగ్గురు. అంతే. రెండు రోజులు చూసి రుక్కమ్మ సాయిచంద్‌ను అడిగింది, ఆ రోజు వచ్చిన జనమంతా ఏమైపోయారని.

“గా సారే అక్కా! మా వాసన చూసే సార్. ఆఫీసు గేటు కాడ నిలబడి ఎవ్వల్ని రానిస్తలేడు. పోయేటోళ్ళను పట్టుకుని వెనుకకు తోలుతున్నడు.”

రుక్కమ్మ గరిటె కింద పెట్టలేదు. పొయ్యి తగ్గించి, సాయిచంద్‌ను అక్కడ కూర్చోబెట్టి, అదే గరిటెతో ఆఫీసు గేటు దగ్గరికి నడిచింది.

సార్ నిజంగానే అక్కడున్నాడు. ఎండలో, తల మీద చేతిరుమాలు వేసుకుని. హరిత ఇంకో ముగ్గురితో అడ్డంగా నిలబడి వాదిస్తోంది.

“సార్, బ్రేక్ అయిపోతుంది. మమ్మల్ని పోనివ్వండి సార్.”

“ఆడ ముగ్గురున్నారు. వాళ్ళు వచ్చినాక మీరు. అంతవరకూ నీడకు నిలబడండి. ఏమప్పా నువ్వు, చెప్పు తెగిందా? మల్లయ్య మెట్రో మెట్ల కింద ఉన్నాడు, కుట్టించుకుని రాపో. అప్పటికి నీ వంతు వస్తాది.”

“ఏం సార్!” రుక్కమ్మ గరిటె ఎత్తింది. “నా గిరాకి ఆపుతున్నవంట?”

“ఆపుతున్నా” అన్నాడు సార్, ఏదో మంచి పని ఒప్పుకున్నట్టు.

“ఎందుకు సార్? నీకేం అన్యాలం చేసిన నేను? డబ్బా లేపిస్తివి, గిప్పుడు ఛాయ్ తాగనీయవా?”

“డబ్బానా? నేనా? ఆ వారం నేను ఊర్లోనే లేనే!” సార్ నిజంగా తెల్లబోయాడు. “లారీ వచ్చింది రోడ్డు వెడల్పుకు. నీదొక్కటేనా పోయింది? మల్లయ్యది పోయింది, ఆయన మెట్రో కింద తేలినాడు. పూలామె చందానగర్ మార్కెట్లో తేలింది. జ్యూస్ బండి ఒక్కటి చిక్కలేదు, వెతుకుతున్నా. నువ్వు ఈ సందులో తేలినావు. తేలింది చాలదు గదా, నిలబడల్ల.”

రుక్కమ్మ గరిటె కొంచెం దిగింది. “మరి గిరాకి ఎందుకు ఆపుతున్నవ్?”

“ఆపేది కాదు, మెల్లగా ఎక్కిస్తున్నా. మొన్న ఈ పిల్ల ఫ్లోర్ మొత్తం ఒక్కసారే తోసింది.” హరిత నేల చూపులు చూసింది. “ప్రెషర్ పెరిగి మూత నెర్రెలిచ్చిందా లేదా? ఇంకోసారి అయితే పగులుతాది. పగిలినాక నువ్వు మళ్ళా యాడికి పోతావు?”

“అంటే శారదమ్మ…”

“మూత. మంచి మూత. ఆమెను మనం చెడగొట్టుకోకూడదు.”

రుక్కమ్మకు ఆ రెండు రోజులూ ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు బెంచీ మీద ఉన్నారన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. పాలు మిగలలేదు. బాల్కనీలోంచి ఒక్క అరుపు రాలేదు.

“ఎండల నిలబడ్డవ్ గదా సార్. నువ్వు ఛాయ్ తాగినవా?”

“నా వంతు ఇంకా రాలేదు” అన్నాడు సార్.

అలా కొన్నాళ్ళు ఆయనే గేటు దగ్గర నిలబడ్డాడు. తర్వాత జనానికే అలవాటైపోయింది. ముందు పోయినవాళ్ళు రాకుండా రెండో జట్టు కదలదు. శారదమ్మ బాల్కనీలోంచి బుట్ట దించి దాంట్లో గ్లాసు పెట్టడం మొదలుపెట్టింది. “వాము జర ఎక్కువెయ్యి” అని పైనుంచి అరుస్తుంది. అది ఒక్కటే ఇప్పుడు ఆ సందులో వినబడే అరుపు.

అంతా కుదురుకున్నాక ఒక రోజు తిమ్మప్ప సార్ రాలేదు. మర్నాడూ రాలేదు. వారం చూసి రుక్కమ్మ హరితను పట్టుకుంది.

“సార్ ఏడి బిడ్డా?”

“వెళ్ళిపోయారు ఆంటీ. ప్రాజెక్టు చూసే పని వేరే ఊరి ఆఫీసుకు మారిపోయింది. సార్ రిటైర్మెంట్ తీసేసుకున్నారు. కేక్ కూడా కోశాం.”

“పోయిండు, మంచిది. పోయి ఏడున్నడు?”

ఎవరు పోయినా ఫోన్ చేసి అడిగే మనిషే పోతే, అడగాలని ఎవరికీ తట్టలేదు. రుక్కమ్మ ఫ్లాస్కు నింపింది. సాయిచంద్ బండి వెనక కూర్చుంది. ఒకసారి ఇంటి దగ్గర దింపి వచ్చాడు కాబట్టి అతనికి ఇల్లు తెలుసు. చందానగర్‌లో, మార్కెట్ వెనక, రెండో అంతస్తు.

తలుపు తీసింది సార్ భార్య ఈశ్వరమ్మ. ఎవరు, ఏమిటి అని కూడా అడగలేదు. “రామ్మా, రా! మోకాలికి ఆపరేషన్ అయింది, కదలకూడదన్నారు. నన్ను సంపుతాండాడు. వంటింట్లోకి పోతే ‘పోయి యాడున్నావు’ అంటాడు. బాత్రూంలోకి పోయినా అదే మాట!”

సార్ బాల్కనీలో కాలు స్టూలు మీద పెట్టుకుని, కింద నీళ్ళ ట్యాంకర్ డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. నీళ్ళు ఏ బోరు నుంచి తెస్తున్నాడో అడుగుతున్నాడు. వెనక్కి తిరిగి రుక్కమ్మను చూశాడు. జీవితంలో మొదటిసారి ఆయన ప్రశ్న తన గురించే వచ్చింది.

“నేను… నేను ఎట్ల చిక్కినాను?”

“పోయినోళ్ళ వెంబడి ఎవరో ఒకరు పోవాలె గద సార్” అంది రుక్కమ్మ, ఫ్లాస్కు మూత తిప్పుతూ.

వాము వాసన ఇల్లంతా పరుచుకుంది. ఈశ్వరమ్మ ఇంకో గ్లాసు తెచ్చుకుంది.

ఇప్పటికీ సార్ వారానికోసారి హరితకు ఫోన్ చేస్తాడు. “ఆడే ఉండాదా?” అంటాడు. ఆమె పాపం ఆ వేరే ఊరి ఆఫీసు వాళ్ళను అడిగి కనుక్కుని, “ఉంది సార్, కదల్లేదు” అని చెబుతుంది. సముద్రం అవతల, భూమి లోతున కూర్చున్న ఆ గ్యాసు బాగోగులు అలా చందానగర్‌కు చేరుతూనే ఉన్నాయి. ఆయన బాగోగులు మాత్రం ఎవరైనా పోయి చూస్తేనే తెలుస్తాయి.

కాబట్టి ఇది చదివినవాళ్ళలో చందానగర్ వైపు పనిపడ్డవాళ్ళు ఒకసారి ఆయన్ని చూసి రండి. మార్కెట్ వెనక ఎవరినడిగినా చెబుతారు, అప్పటికే వాళ్ళందరినీ ఆయన ఏదో ఒకటి అడిగి ఉంటాడు. లేచేటప్పుడు ఎక్కడికి పోతున్నారంటే నిజం చెప్పేయండి, లేకపోతే మీరు చేరేదాకా ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఒక్కటే మనవి. దయచేసి అందరూ ఒకేసారి పోకండి. ఇద్దరిద్దరుగా, ముందువాళ్ళు దిగి వచ్చాక పోండి. ఈశ్వరమ్మ గారు గట్టి మనిషే. అయినా మూతను మనం చెడగొట్టుకోకూడదు.